బ్యారన్ వాసన సెంటు: 10 గ్రాములకి కుదిరింది, 200 సీసాలకి ఎట్టా?

టంగుటూరు కుర్రోడు | ఫిబ్రవరి 11, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. మాది టంగుటూరు పక్కన పల్లె. ఇంట్లో పొగాకు సేద్యం. చిన్నప్పుడు నాన్నకి తోడుగా బ్యారన్ (పచ్చి పొగాకు ఆకుని వేడితో ఆరబెట్టే గది) దగ్గర నులకమంచం వేసుకుని పడుకునేవాణ్ణి. క్యూరింగ్, అంటే ఆ ఆరబెట్టడం, మొదలయ్యాక నాలుగో రోజు రాత్రి ఒక వాసన వస్తుంది. పొగాకు అనగానే బయటివాళ్ళకి చుట్ట గుర్తొస్తుంది గానీ ఇది వేరు. తేనె, ఎండుగడ్డి, కాగిన ఇనప గొట్టం, అవతల పొయ్యిలో తుమ్మకట్టె. ఆ వాసన కోసం రెండేళ్ళు తంటాలు పడ్డాను. 41వ ప్రయత్నానికి కుదిరింది. కాగితం ముక్క మీద ఒక చుక్క వేసి నాన్న ముక్కు దగ్గర పెడితే "ఎవరి బ్యారన్‌రా ఇది?" అన్నాడు. అంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు 50 మిల్లీలీటర్ల సీసాలు 200 చెయ్యాలని ఉంది. చేతిలో ఉన్నది లక్షన్నర. ఆల్కహాల్ ఎక్కడ కొనాలి, లైసెన్స్ ఏం కావాలి, సీసాలు ఎవరిస్తారు, ఏదీ తెలియదు. ఫార్ములా మాత్రం ఇక్కడ పెట్టను, ఏమనుకోవద్దు.

మైపాడు గాలి | ఫిబ్రవరి 11, రాత్రి 11:05

ఫార్ములా ఎవడికి కావాలబ్బాయా, నాన్న అన్న ఆ మాట చాలు, డబ్బా మీద వేసుకో. నేనూ ఒకటి చేస్తా, రేవులో తెల్లవారుజామున వలలు దులిపే వాసన. 200 సీసాలూ నాకే మిగుల్తాయి.

కావలి సుజాత | ఫిబ్రవరి 12, ఉదయం 6:30

తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. నీ ఫార్ములా చుక్కల్లో ఉందా, గ్రాముల్లో ఉందా? చుక్కల్లో ఉంటే అది ఇంకా ఫార్ములా కాదు. ఒక్కో నూనె చుక్క ఒక్కో బరువు. డ్రాపర్ మారితే చుక్క మారుతుంది. 0.001 గ్రాము చూపించే కాటా కొనుక్కుని అదే 41ని మళ్ళీ తూచి చెయ్యి. అప్పుడూ నాన్న అదే మాట అంటే సరే.

రెండోది. డామస్కోన్ లాంటి ఘాటు సరుకు నువ్వు పది శాతానికి పలచన చేసి వాడి ఉంటావు. నోట్‌బుక్కులో ఆ "పది శాతం" రాశావా? నా కథ విను. నాది మల్లెపూల సెంటు. మల్లెల్లో ఉండే ఇండోల్ అందులో ఒక సరుకు. ఇండోల్‌ని పది శాతం ద్రావణంగా వాడాను, కాగితం మీద మాత్రం "ఇండోల్ 12 గ్రా." అని రాసి పెట్టాను. రెండు కిలోలు కలిపే రోజున మా ఆడపడుచు కూతురు సాయానికి వచ్చింది. పాపం, కాగితంలో ఉన్నట్టే అసలు ఇండోల్ గడ్డలు 12 గ్రాములు తూచి వేసింది. మూత తీస్తే మల్లెల మాట దేవుడెరుగు, నాఫ్తలీన్ గోలీలు వేసిన మరుగుదొడ్డి. ఇల్లంతా తొమ్మిది రోజులు అదే కంపు, మా ఆయన వరండాలో పడుకున్నాడు. పిల్లని ఏమీ అనలేదు. రాసింది నేను కదా.

ఇప్పుడు నా పట్టికలో ప్రతి వరసకీ నాలుగు గడులు: సరుకు పేరు, ఎవరి దగ్గర కొన్నది, ఎంత పలచన, ఎన్ని గ్రాములు. రెండో గడి ఎందుకంటే ఒకే పేరుతో ఇద్దరమ్మే వట్టివేరు నూనె ఒకటే వాసన రాదు.

ల్యాబ్‌కోటు | ఫిబ్రవరి 12, రాత్రి 9:18

మాది ఒంగోలే, ఉద్యోగం హైదరాబాద్‌లో, కాస్మెటిక్స్ క్వాలిటీ కంట్రోల్. సుజాత గారు చెప్పిన దాని మీదే లెక్క వేద్దాం.

200 సీసాలు, 50 చొప్పున, 10 లీటర్లు. సెంటు నీళ్ళకన్నా తేలిక. నీ తరహా మిశ్రమం లీటరు సుమారు 830 గ్రాములు తూగుతుంది, అంటే మొత్తం 8.3 కిలోలు. 20 శాతం పెడితే కాన్సెంట్రేట్ (ఆల్కహాల్ కలపని వాసన సరుకుల మిశ్రమం) 1.66 కిలోలు, మిగతాది ఆల్కహాల్. వడపోతలో, గొట్టాల్లో, నింపేటప్పుడు కొంత పోతుంది, కాబట్టి ఐదు శాతం ఎక్కువ కలుపుకో. సీసాలు కూడా బరువుతో నింపు, ఒక్కోదానికి 41.5 గ్రాములు. కొలజాడీ కన్నా కాటాయే నయం.

పది గ్రాముల నుంచి ఒకేసారి 1.66 కిలోలకి దూకొద్దు. మధ్యలో వంద గ్రాములు చెయ్యి. ఆ వందలో బయటపడే తప్పుకి రెండు మూడు వేలు పోతాయి. తర్వాత బయటపడితే చేతిలో ఉన్న లక్షన్నర పోతుంది.

ఆల్కహాల్ సంగతి. ఎక్సైజ్ అనుమతి లేకుండా శుద్ధ ఇథనాల్ కొని ఇంట్లో నిల్వ పెట్టుకోకూడదు. "సెంటు స్పిరిట్" అంటూ లేబుల్ లేని క్యాన్లు అమ్మేవాళ్ళు ఉంటారు. వాటి జోలికి పోవద్దు. పరిశ్రమలకిచ్చే స్పిరిట్‌లో మిథనాల్ కలిసి ఉండొచ్చు, అది చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. శానిటైజర్, సర్జికల్ స్పిరిట్ కూడా పనికిరావు. సెంట్లకి వాడేది డీనేచర్ చేసిన ఇథనాల్. ఎవరూ తాగకుండా చేదు కోసం డినాటోనియం లాంటిది కలుపుతారు.

లైసెన్స్: సెంటు చట్టం దృష్టిలో కాస్మెటిక్. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దాని కింద 2020 కాస్మెటిక్స్ రూల్స్. తయారు చేసి అమ్మాలంటే రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ లైసెన్స్ ఉండాలి. దానికి తగిన గదులు, అర్హత ఉన్న సాంకేతిక సిబ్బంది చూపించాలి. నీ లక్షన్నరకి అయ్యే పని కాదు. లైసెన్స్ ఉన్న యూనిట్లో థర్డ్ పార్టీగా చేయించుకో. తయారీదారుగా వాళ్ళ పేరు, అడ్రసు, లైసెన్స్ నంబర్ పడతాయి, మార్కెటింగ్ అని నీది పడుతుంది. ఆల్కహాల్ గొడవ కూడా వాళ్ళే చూసుకుంటారు.

కోటమిట్ట అత్తర్ | ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 2:50

భయ్యా, ఇంత తలనొప్పి ఎందుకు? ఆల్కహాల్ లేకుండా అత్తరులా నూనెలో చెయ్యి. మాది నెల్లూరులో మూడు తరాల కొట్టు. రొట్టెల పండగకి స్వర్ణాల చెరువు దగ్గర మా అబ్బాయి బల్ల వేస్తే ఆరు మిల్లీలీటర్ల సీసాలు నిలబడవు. మా తాత రోజుల్లో కన్నౌజ్ నుంచి తోలు కుప్పెల్లో వచ్చేది సరుకు. డేగు అనే రాగి పాత్రలో పూలు వేసి మట్టితో మూత బిగించి, ఆవిరిని గంధం నూనెలోకి దించేవాళ్ళు. ఇప్పుడు గంధం ధరకి ఎవరు దించుతారు? చాలావాటికి అడుగున లిక్విడ్ పారఫినే. నేనైతే దాచకుండా చెప్పి అమ్ముతా.

నూనెలో అయితే లైసెన్స్ కూడా అక్కర్లేదు కదా.

ల్యాబ్‌కోటు | ఫిబ్రవరి 13, సాయంత్రం 7:02

సాబ్, ఆ చివరి మాట ఒక్కటి సరికాదు. ఆల్కహాల్ లేకపోతే ఎక్సైజ్ బెడద తప్పుతుంది. ఒంటికి రాసుకునేది కాబట్టి కాస్మెటిక్ లైసెన్స్ దీనికీ కావాలి.

తమ్ముడి వాసనకి నూనె నప్పుతుందా అన్నది వేరే ప్రశ్న. నూనెలో వాసన నెమ్మదిగా లేస్తుంది, ఒంటికి అంటుకుని ఉంటుంది. బ్యారన్ తలుపు తీసినప్పుడు మొహాన కొట్టే గుప్పు కావాలంటే ఆల్కహాలే.

టంగుటూరు కుర్రోడు | ఫిబ్రవరి 13, రాత్రి 11:30

తలుపు గుప్పే కావాలి, అన్నా. మీరు నిజంగా బ్యారన్ చూసినట్టున్నారు.

సుజాతక్కా, నోట్‌బుక్కు తీసి చూశాను. రెండు చోట్ల పలచన రాయలేదు. చెమటలు పట్టాయి.

ఇంకో సంగతి. కట్టెపొయ్యి వాసన కోసం బిర్చ్ తారు వాడాను, నల్లగా జిగటగా ఉంటుంది. ఆన్‌లైన్‌లో వంద గ్రాములు కొన్నా. సర్టిఫికెట్ ఏమీ ఇవ్వలేదు. ఫర్వాలేదా?

ల్యాబ్‌కోటు | ఫిబ్రవరి 14, ఉదయం 8:11

ఫర్వా ఉంది. శుద్ధి చెయ్యని బిర్చ్ తారులో బెంజోపైరీన్ లాంటి కేన్సర్ కారకాలు ఉంటాయి. ఇఫ్రా, అంటే అంతర్జాతీయ సువాసనల సంఘం, ముడి తారుని వాడొద్దంది. రెక్టిఫై చేసినదే, అదీ ఆ మలినాలు పరిమితిలో ఉన్నాయన్న కాగితంతో కొనాలి. లేదా పొగ వాసనొచ్చే గ్వయకాల్ పలచన చేసి చూడు, వట్టివేరు ఆసరాగా వెయ్యి.

ప్రతి సరుకుకీ మూడు కాగితాలు అడుగు: ఇఫ్రా సర్టిఫికెట్, భద్రతా పత్రం, ఆ బ్యాచ్ విశ్లేషణ రిపోర్టు. ఒంటి మీద చల్లుకునే సెంట్లు ఇఫ్రాలో 4వ కేటగిరీ. పరిమితులు తుది సీసాలో శాతం మీద, కాన్సెంట్రేట్ మీద కాదు. ఇక్కడ పొరపడేవాళ్ళే ఎక్కువ. ఈ కాగితాలు ఇవ్వని వాడి దగ్గర ఎంత చవకైనా కొనకు.

పొదలకూరు నిమ్మ | ఫిబ్రవరి 14, ఉదయం 10:40

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మాకు ఆరెకరాల నిమ్మ. ధర పడిపోయినప్పుడు కాయ కోత కూలికి కూడా రాదు. తొక్క నుంచి నూనె పిండి సెంట్లకి అమ్మొచ్చా?

ల్యాబ్‌కోటు | ఫిబ్రవరి 14, మధ్యాహ్నం 1:15

అమ్మొచ్చు గానీ ఒక మెలిక ఉంది. మన నిమ్మ తొక్కని పిండి తీసిన నూనె ఒంటికి రాసుకుని ఎండలోకి వెళితే మచ్చలు పడతాయి, బెర్గాప్టెన్ లాంటివి ఉంటాయి. అందుకే పిండిన నూనెకి ఇఫ్రా పరిమితి 0.7 శాతం. ఆవిరి పట్టి తీసిన నూనెలో ఆ బెడద లేదు, వాసన మాత్రం షోడా బండి నిమ్మలా మారుతుంది. పరికరాలూ శిక్షణా కావాలంటే లక్నోలోని పరిశోధన సంస్థ సీమ్యాప్‌కి హైదరాబాద్‌లో కేంద్రం ఉంది, సుగంధ మొక్కల మీద పనిచేస్తారు. కన్నౌజ్‌లో ఎఫ్‌ఎఫ్‌డీసీ అనే సువాసన, రుచుల అభివృద్ధి కేంద్రం 1991 నుంచి ఉంది, సెంట్ల తయారీ మీద కోర్సులు పెడతారు. తమ్ముడూ, అది నీక్కూడా.

కావలి సుజాత | మార్చి 2, రాత్రి 8:45

సీసాల గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. గాజు ఎక్కువగా ఫిరోజాబాద్ వైపు నుంచి వస్తుంది. కొత్త అచ్చు పోయించుకోవాలని ఆశపడకు, వేలల్లో ఆర్డర్ అడుగుతారు. ఉన్న డిజైన్లలోంచి ఏరుకో. మెడ 15 మిల్లీమీటర్లది తీసుకో, పంపులు సులువుగా దొరుకుతాయి. సీసా ఒకరి దగ్గర, పంపు ఇంకొకరి దగ్గర కొంటే ముందు పది తెప్పించి బిగించి చూడు. నాకు ఒకసారి గొట్టం సెంటీమీటరు పొడుగొచ్చింది. అడుగున మడత పడి చివరి రెండు చెంచాలు పైకి రావు. 150 గొట్టాలు కత్తెరతో ఏటవాలుగా కోశాను, బొబ్బలెక్కాయి.

పంపు బిగించాక రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పు. తిరిగిందంటే బిగింపు వదులు. పది సీసాలు తూచి, బోర్లించి, వారం తర్వాత మళ్ళీ తూచు. బరువు తగ్గితే ఆవిరి పోతున్నట్టే, కంటికి తడి కనపడక్కర్లేదు.

లేబుల్ మామూలు ఇంక్‌జెట్ ప్రింట్ వద్దు. ఒక్క చుక్క సెంటు కారితే అక్షరాలన్నీ కాటుకలా జారిపోతాయి. ల్యామినేషన్ చేయించు. నికర పరిమాణం, ఎమ్మార్పీ, నెల, ఏడాది, ఫిర్యాదుకి ఫోన్ నంబర్ తప్పకుండా ఉండాలి. జీఎస్టీ 18 శాతం, ఎమ్మార్పీలోనే కలుపుకోవాలి. మొదటిసారి నేను అది మర్చిపోయి చేతి డబ్బులు కట్టాను.

మైపాడు గాలి | మార్చి 2, రాత్రి 9:20

పేరేం పెడుతున్నావ్ అబ్బాయా? "పొగ" అని పెట్టావంటే ఫైరింజన్ వస్తుంది.

టంగుటూరు కుర్రోడు | మార్చి 3, ఉదయం 7:00

"నాలుగో రోజు". ట్రేడ్‌మార్క్ సెంట్ల లాంటివి వచ్చే 3వ క్లాసులో వేశాను, ఒక్కడినే కాబట్టి ఆన్‌లైన్‌లో 4,500 అయింది. బంధువులు మాత్రం సెంటుకి ఆ పేరేంట్రా, కర్మకాండలా ఉంది అంటున్నారు.

కోటమిట్ట అత్తర్ | మార్చి 3, ఉదయం 11:25

పేరు బాగుంది. అడిగిన వాడికి కథ చెప్పొచ్చు. కథ చెప్పే లోపు వాసన పడుతుంది, వాసన పడితే కొంటాడు.

టంగుటూరు కుర్రోడు | జూన్ 10, రాత్రి 10:15

పొగాకు వేలం పనుల్లో పడి ఇటు రాలేదు. వంద గ్రాముల ట్రయల్ చేశాను. బిర్చ్ తారు తీసేసి గ్వయకాల్, వట్టివేరు పెట్టాను. నాన్న "పొయ్యి కొంచెం దూరం జరిగింది, అయినా మనదే" అన్నాడు.

రోహిణీ కార్తెని వాడుకున్నాను. ఒకే సెంటు మూడు సీసాల్లో పోశా. ఒకటి రేకుల గదిలో బీరువా మీద, ఒకటి కిటికీలో ఎండకి, ఒకటి ఇంట్లో చీకటి పెట్టెలో. రేకుల గదిలో మధ్యాహ్నం 46 డిగ్రీలు చూపించింది. రెండు వారాల తర్వాత పెట్టెలోది లేత గడ్డి రంగులోనే ఉంది. బీరువా మీదది కొంచెం ముదిరింది, వాసన మారలేదు. కిటికీలోది మాత్రం డికాషన్. పైగా మొదట వచ్చే నారింజ వాసన చచ్చిపోయి వార్నిష్ కొడుతోంది.

ల్యాబ్‌కోటు | జూన్ 11, ఉదయం 7:50

పద్ధతిగా అయితే 40 డిగ్రీల ఓవెన్‌లో మూడు నెలలు పెడతారు. నీ రోహిణీ కార్తె దానికి బదులు కాదు గానీ చెప్పాల్సింది చెప్పింది. రంగు వెనిలిన్ వల్ల అయి ఉండొచ్చు. మిథైల్ ఆంత్రానిలేట్ ఉంటే అది ఆల్డిహైడ్లతో కలిసి కూడా రంగు తెస్తుంది. వార్నిష్ వాసన లిమొనీన్ గాలికి ఆక్సీకరణ చెందడం. కాన్సెంట్రేట్‌లో ఆ ఆక్సీకరణని అడ్డుకునే బీహెచ్‌టీ కొద్దిగా వెయ్యి, పారదర్శక గాజు బదులు ముదురు రంగు గాజు తీసుకో. డబ్బా మీద "ఎండకి పెట్టకండి" అని రాయి, అయినా కొన్నవాడు బండి డ్యాష్‌బోర్డు మీదే పెడతాడు.

టంగుటూరు కుర్రోడు | ఆగస్టు 4, రాత్రి 1:20

నిద్ర పట్టడం లేదు. బ్యాచ్ పోయినట్టుంది.

హైదరాబాద్ శివార్లలో ఒక యూనిట్ ఒప్పుకుంది. కాన్సెంట్రేట్ నేనే ఇంట్లో తూచి, నెల ఊరబెట్టి, అల్యూమినియం డబ్బాలో తీసుకెళ్ళాను. అక్కడ ఆల్కహాల్‌లో కలిపారు. మూడు వారాలు ఊరాక చల్లబరిచి వడపోస్తామన్నారు. ఈలోగా వంద మిల్లీలీటర్ల నమూనా తెచ్చి నాన్నకి చూపించాను. ఆయన రెండుసార్లు వాసన చూసి కాగితం పక్కన పెట్టాడు. "ఇది నాలుగో రోజు కాదురా, రెండో రోజు. ఆకు పసుపెక్కింది గానీ ఈనె ఎండలేదు" అన్నాడు. నిజమే. పచ్చిగా ఉంది, ఎండుగడ్డి తీపి లేదు. తూకాల పట్టిక నాలుగుసార్లు చూశా, తప్పు లేదు.

కావలి సుజాత | ఆగస్టు 4, ఉదయం 5:55

టెన్షన్ పడకు తమ్ముడూ. ఎండుగడ్డి తీపి ఏ సరుకు నుంచి? కూమరినేనా? అది పటిక బెల్లంలా గడ్డగా ఉండే సరుకు. బాగా కరిగిందా? ఆ డబ్బా ఎక్కడుంది?

ల్యాబ్‌కోటు | ఆగస్టు 4, ఉదయం 8:30

అక్క అడిగిందే నేనూ అడగబోతున్నా. యూనిట్లో ఏసీ గది, ముందు రాత్రి డబ్బా అక్కడే ఉండి ఉంటుంది. చల్లబడితే పలుకులు కట్టి అడుక్కి చేరతాయి. కడగకుండా ఖాళీ డబ్బా తూచమను.

టంగుటూరు కుర్రోడు | ఆగస్టు 5, సాయంత్రం 6:40

డబ్బా ఖాళీ బరువు నా పుస్తకంలో 412 గ్రాములు. ఈ రోజు 478. యూనిట్లో అక్క ఒకావిడ టార్చి వేసి ఫొటో పంపింది. అడుగున తెల్లగా సూదుల్లా పలుకులు, గోడకి సగం దాకా. పై నుంచి వంచి పోసేశారు, నేను పక్కనే నిలబడి చూశాను, చివరిది దులపమని అనలేదు.

ల్యాబ్‌కోటు | ఆగస్టు 5, సాయంత్రం 7:05

అయితే బ్యాచ్ పోలేదు, డబ్బాలో కూర్చుంది. కలిపిన సెంటులోంచే ఒక లీటరు తీసి డబ్బాలో పోసి తిప్పమను, ఆల్కహాల్‌లో కూమరిన్ ఇట్టే కరుగుతుంది. రెండు విడతలుగా కడిగి మళ్ళీ పెద్ద పాత్రలో పోయించు. వేడి చెయ్యనివ్వకు, ఆల్కహాల్ ఆవిరి మామూలు గది వేడిలోనే చిన్న నిప్పురవ్వకి అంటుకుంటుంది. తర్వాత డబ్బా తూచి 412కి వచ్చిందో లేదో చూడు. ఊరబెట్టే మూడు వారాలూ మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టు.

వచ్చేసారి గడ్డ సరుకులన్నీ ముందు ద్రవాల్లో వేసి, ఆల్కహాల్ కలవకముందే, వేడినీళ్ళ గిన్నెలో డబ్బా దించి కరిగించు. చివరి రోజు మళ్ళీ ఒకసారి వెచ్చబెట్టి, ఊపి, అప్పుడు పోయి.

మైపాడు గాలి | ఆగస్టు 5, రాత్రి 9:00

లక్షల మిషన్లు పెట్టి పరీక్ష చేస్తారంట, నాన్న ముక్కుకి నెల జీతం ఇవ్వు అబ్బాయా.

టంగుటూరు కుర్రోడు | సెప్టెంబర్ 14, రాత్రి 9:35

డబ్బా 412.6కి వచ్చింది. చల్లబరిచి వడపోస్తే అడుగున కొంచెం మైనం లాంటిది దిగింది, వట్టివేరుదో ఏమో, సెంటు మాత్రం గాజులా ఉంది. మొత్తం 193 సీసాలు. నాలుగు దాచిపెట్టాను, ఎవరైనా ఫిర్యాదు చేస్తే పోల్చుకోవడానికి. మూడింటికి పంపు తిరుగుతోంది, అవి నేనే వాడుకుంటా. లక్షన్నర దాటి పద్దెనిమిది వేలయింది, అది అమ్మ చీటీ డబ్బు.

నాన్నకి మొదటి సీసా ఇచ్చాను. చొక్కా మీద కొట్టుకోలేదు. బ్యారన్‌కి వెళ్ళి, ఈ సీజన్‌కి ఇంకా వెలిగించలేదు కదా, చల్లటి గోడ మీద ఒకసారి కొట్టి, తలుపు వేసి, కాసేపు ఆగి తీశాడు.

ఇక పార్సిల్ సంగతి చెప్పండి. ఒంగోలులో కొరియర్ అతను సెంటు అనగానే వెనక్కి ఇచ్చేశాడు.

కావలి సుజాత | సెప్టెంబర్ 14, రాత్రి 10:10

విమానంలో పంపేది తీసుకోరు, మండే సరుకు కింద లెక్క. రోడ్డు మార్గంలో పంపే సర్వీసు అడుగు, లోపల ఏముందో దాచకుండా రాయి. భద్రతా పత్రం ఒక ప్రతి అంటించు. నాలుగు రోజులు ఆలస్యమవుతుందని కొనేవాళ్ళకి ముందే చెప్పు. నాకొకటి పక్కన పెట్టు, ఆ పంపు తిరిగేదైనా సరే.